ఫోర్కులు మూటగట్టుకుని హవాసా వెళ్ళాం

ఇథియోపియాలో రెండేళ్ళు ఉండి వచ్చామని చెబితే విజయవాడలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అక్కడ తినడానికేమైనా దొరుకుతుందా అండీ?" అని. పాపం, జాలిగానే అడుగుతారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నవ్వొస్తోంది. ఎందుకంటే అక్కడికి వెళ్ళిన కొత్తలో మా ఇంట్లో ఒక మనిషి నిజంగానే తిండి లేక చిక్కిపోయింది. అందులో ఆ దేశం తప్పు ఆవగింజంత కూడా లేదు.

హవాసా అని ఆ దేశానికి దక్షిణాన సరస్సు ఒడ్డున ఒక ఊరు. అక్కడి స్కూల్లో మా ఇద్దరికీ ఉద్యోగాలు. మావారు లెక్కలు, నేను బయాలజీ. మాకిస్తామన్న క్వార్టర్సుకి తలుపులు కూడా బిగించలేదని, అవి పూర్తయ్యేదాకా ఒక చిన్న హోటల్లో ఉండమన్నారు. వారం రోజులే అన్నారు. ఆ వారం సాగి సాగి వానలు వెళ్ళి, సెప్టెంబరులో వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చి, స్కూలు తెరిచేదాకా నడిచింది. క్వార్టర్సులో రెండేళ్ళు కాపురం చేశాం కానీ, కళ్ళు మూసుకుంటే నాకు కనబడేది ఆ హోటలే.

బీసెంట్ రోడ్డులో మొదలు

డబ్బు కోసమే వెళ్ళామంటే అబద్ధం, కాదంటే అదీ అబద్ధమే. విజయవాడలో మేమిద్దరం రెండు వేరు వేరు కాలేజీల్లో పనిచేసేవాళ్ళం. తెల్లవారకముందే స్టడీ అవర్లు, చీకటి పడ్డాక డౌట్ క్లాసులు. మా ఐదేళ్ళ అమ్మాయి సహస్ర వారమంతా కంకిపాడులో మా భారతక్క దగ్గరే ఉండేది. అక్కకి పిల్లల్లేరు. దీన్ని కన్నది నేనైనా, అన్నం తినిపించింది మాత్రం అక్కే. ఆదివారాలు మేం వెళితే చుట్టాల్ని చూసినట్టు చూసేది పిల్ల. ముగ్గురం ఒకే స్కూలుకి వెళ్ళి, ఒకే వేళకి ఇంటికొచ్చి, ఒకే చోట కూర్చుని అన్నం తినాలన్న ఆశ నన్ను విమానం ఎక్కించింది.

ప్రయాణం ఖాయమయ్యాక మావారు బీసెంట్ రోడ్డుకి వెళ్ళి ఫోర్కులు, చాకులు, స్పూన్లు ఉన్న పెట్టె ఒకటి కొనుక్కొచ్చారు. ఫారిన్ అంటే ఫోర్కని ఆయన నమ్మకం. ఇక నెలరోజులు మా డైనింగ్ టేబుల్ మీద శిక్షణా తరగతులు. పెసరట్టుని చాకుతో కోస్తే ఉల్లిపాయ ముక్కలన్నీ నా ఒళ్ళో పడ్డాయి. నాలుగు వేళ్ళూ నోట్లోకి పోవడానికి దేశాలు పట్టి పోతూ, ఆ నాలుగు వేళ్ళనే పనిలోంచి తీసేశారేమిటండీ అన్నాను. ఆయన వినలేదు. సహస్ర ఒకసారి ఫోర్కు పక్కన పడేసి పప్పన్నంలో చెయ్యి పెట్టబోతే, "అమ్మో, అక్కడ చేత్తో తింటే ఆ దేశం వాళ్ళు మనల్ని వెనక్కి పంపించేస్తారమ్మా!" అన్నారు కళ్ళు పెద్దవి చేసి. అందరం నవ్వుకున్నాం.

అక్క మాత్రం ఆ పెట్టెని ఎంగిలి గిన్నెని చూసినట్టు చూసింది. "పదిమంది నోట్లో పెట్టుకున్న ముళ్ళగరిటెలు కడిగి మళ్ళీ నోట్లో పెట్టుకుంటారా? మన చెయ్యి మనదే కదే!" అంది. అక్కకి ఎంగిలి పట్టింపు మహా ఎక్కువ. తినే కంచంలోంచి మెతుకు ఎగిరి పప్పుగిన్నె దగ్గర పడితే గిన్నె మొత్తం తీసి పక్కన పెట్టేస్తుంది. ఇంకో పట్టింపు, మారు వడ్డించుకోకుండా ఎవరినీ లేవనివ్వదు. ఒక్కసారి పెట్టి ఊరుకుంటే పగవాళ్ళకి పెట్టినట్టని అంటుంది. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టి, నా చేతికి కాకుండా సహస్ర పెట్టెలో తనే సర్దింది.

హవాసా దారిలో

ఆగస్టు నెలాఖరులో అడిస్ అబాబాలో దిగితే పళ్ళు టకటకలాడాయి. ఆఫ్రికా అంటే ఎండని మనకెవరో చెప్పారు. అంత ఎత్తున, అంత వానల్లో, కాటన్ చీర కట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఒక ముసలాయన తన తెల్లటి దుప్పటి తీసి ఇవ్వబోయాడు. నేను మొహమాటపడి వద్దన్నాను గానీ, కారు ఎక్కేదాకా ఆ దుప్పటి వంకే చూశాను.

అక్కడి నుంచి దక్షిణానికి రోజంతా కారు ప్రయాణం. దారికి రెండు పక్కలా పచ్చటి చేలు. వరి కాదు, తెఫ్ అని గసగసాలంత గింజ పండే పైరు. గాలికి అది వాలి లేస్తుంటే ఉయ్యూరు దారిలో నాట్లు అయ్యాక కనిపించే చేలే గుర్తొచ్చాయి. ఊళ్ళు వచ్చినప్పుడల్లా మన ఆటోలే, నీలం రంగు వేసుకుని ఎదురొచ్చాయి. ఇళ్ళ ముందు చాపల మీద ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సహస్ర కారు అద్దానికి ముక్కు ఆనించి, "అమ్మా, ఇది కంకిపాడు అవతలా?" అని అడిగింది.

మధ్యాహ్నం జ్వాయ్ అనే ఊళ్ళో చెరువు చేప తిన్నాం. చేపని నిలువునా గాట్లు పెట్టి కరకరలాడేలా వేయించి తెచ్చారు. మా డ్రైవరు చేతులు కడుక్కుని ముల్లు ముల్లూ వేళ్ళతో ఏరుకుంటూ హాయిగా తినడం మొదలుపెట్టి, మమ్మల్ని చూసి ఉలిక్కిపడ్డట్టు లేచాడు. లోపలికి పరిగెత్తి మూడు ఫోర్కులు వెతికి తెచ్చాడు. చేపని ఫోర్కుతో తినమని కృష్ణా జిల్లావాళ్ళకి చెప్పడం కంటే ఘోరం ఉంటుందా? "చూశారా, ఆయన చేత్తోనే తింటున్నాడు" అని గొణిగాను. "డ్రైవర్లు ఎక్కడైనా అంతేనోయ్. మనం టీచర్లం" అన్నారు మావారు, ముల్లు గొంతులో గుచ్చుకుని దగ్గుతూనే.

మేడ మీద గది

హోటల్ రెండంతస్తులది. మధ్యలో ఆవరణ, అందులో ఒక అవకాడో చెట్టు. విజయవాడలో ఒక్క కాయకి పెట్టే డబ్బుకి అక్కడ సంచి నిండా వస్తాయి. హోటలావిడ పేరు సెహాయ్. నలభై ఏళ్ళుంటాయి, ఇంగ్లీషు నిదానంగా మాట్లాడుతుంది. ఆవిడ తల్లిని అందరూ ఎమామా అంటారు. అంటే మన "అమ్మగారూ" లాంటిదే. ఎమామాకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాకపోవడం ఒక లోటని ఆవిడకి తోచినట్టు కూడా లేదు. నాతో గంటల తరబడి వాళ్ళ భాషలోనే మాట్లాడేది.

మొదటి వారంలోనే పరువు పోగొట్టుకున్నాం. ప్రిన్సిపాలు రెండు గంటలకి కారు పంపుతానన్నారు. మధ్యాహ్నం కదా అని తీరిగ్గా స్నానాలు చేస్తుంటే పొద్దున ఎనిమిదికే కారొచ్చి హారన్ కొట్టింది. అక్కడ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెడతారు. వెనకటి మన జాముల్లాగా. మావారు టై కట్టుకోబోయి తువ్వాలు మెడలో వేసుకుని కిందికి దిగారు.

భోజనాల హాల్లో మాకోసం ఒక మూల బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, మూడు ఫోర్కులు, మూడు చాకులు, మడతపెట్టిన నేప్‌కిన్లు పెట్టారు. మిగతా ఊరివాళ్ళు తెరకి అవతల కూర్చునేవాళ్ళు. మాకు మాత్రం బ్రెడ్డు, ఆమ్లెట్, పాస్తా, ఇండియావాళ్ళని ప్రత్యేకంగా పలుకుపలుకుగా వండిన అన్నం. ఆ అన్నం ఫోర్కు మీద నిలిచేది కాదు. సహస్ర ఎత్తిన ప్రతిసారీ సగం దారిలో జారిపోయేది. నాలుగుసార్లు ఎత్తి, ఫోర్కు కింద పెట్టి, "ఆకలి లేదమ్మా" అనేది.

మొదటి రెండు రోజులూ ప్రయాణం బడలిక అనుకున్నాం. తర్వాత నీళ్ళు పడలేదనుకున్నాం. గదిలోకి పళ్ళెం తీసుకెళ్ళి నేను ముద్ద కలిపితే నా చెయ్యి చూసి మంచం అవతలికి పోయేది. "వద్దమ్మా, వద్దు" అని తలుపు వంక చూసేది. అరటిపండ్లు, పాలు, అంతే. సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళాం. అక్కడ చేపల రేవులో మనిషి ఎత్తు కొంగలు, బట్టతలలు వేసుకుని, పెన్షన్ కోసం వచ్చిన పెద్దమనుషుల్లా నిలబడి ఉంటాయి. వాటిని చూసి నవ్వింది కానీ, బల్ల దగ్గర కూర్చోగానే ముఖం ముడుచుకుంది. గౌను భుజం మీద నిలవడం లేదు. చెంపలు లోపలికి పోయాయి.

పక్క ఊరి కాలేజీలో ప్రసాద్ గారని తెనాలి లెక్చరరు ఉన్నారు. ఆయన భార్య ఆదివారం విజయవాడ వెళ్తోందని తెలిసింది. మావారు ఆ రాత్రి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి, "పాపని ఆవిడతో పంపించేద్దాం. మీ అక్క దగ్గర తింటుంది" అన్నారు.

"దానికోసమే కదండీ ఇంత దూరం వచ్చింది" అన్నాను.

"దాన్ని పస్తు పెట్టడానికి కాదుగా వచ్చింది" అన్నారు. మర్నాడు అక్కకి ఫోన్ చేసి చెప్పాం. అక్క ఆ సాయంత్రమే మంచానికి కొత్త దోమతెర కట్టించిందట.

శుక్రవారం, పెరట్లో

శుక్రవారం మావారు స్కూలు పని మీద వెళ్ళారు. నేను సహస్ర బట్టలు సర్దుదామని దాని పెట్టె తెరిచాను. గుప్పుమని వాసన. అక్క అన్ని కట్లు కట్టినా ఆవకాయ నూనె మెల్లగా ఊరి అడుగున ఉన్న గౌన్లన్నిటికీ పట్టింది. అసలు ఆ జాడీ మేం బయటికే తీయలేదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆవకాయ పెట్టుకుంటే ఏమనుకుంటారో అని. ఆ ఎర్రటి గౌన్లు చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వాటిని మూటగట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఉతుక్కోవడానికి చోటు అడుగుదామని వంటింటి వెనక పెరట్లోకి వెళ్ళాను.

అక్కడ ఎమామా, సెహాయ్, వంటమనిషి, గదులు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళు చిన్న పీటల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒకే ఒక్క పళ్ళెం. పళ్ళేనికి సరిపడా పరిచిన ఇంజెరా, అంటే బాగా పులిసిన పిండితో ఒక వైపే కాల్చిన పెద్ద అట్టు. దాని మీద కుప్పలుగా ఎర్రటి పప్పు, శనగపిండి కూర, ఆకుకూర. శుక్రవారం వాళ్ళకి ఉపవాసం, నీసు ముట్టరు. అందరి చేతులూ ఆ పళ్ళెంలోనే ఉన్నాయి. మమ్మల్ని చూసి సెహాయ్ గబుక్కున లేచి చేతులు వెనక్కి పెట్టుకుంది. "మేడం, హాల్లోకి వెళ్ళండి, మీ బల్ల మీద పెట్టిస్తాను" అంది కంగారుగా.

ఎమామా మాత్రం లేవలేదు. నా చేతిలోని గౌనొకటి లాక్కుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ముఖం విప్పారింది. వాళ్ళ కారప్పొడి వాసన తగిలినట్టుంది. పక్కనున్న చెంబుతో సహస్ర చేతుల మీద నీళ్ళు పోసింది. కొంచెం అట్టు తుంచి, పప్పులో అద్ది, వేళ్ళతో చుట్టి పిల్ల నోటి దగ్గర పెట్టింది.

సహస్ర నోరు తెరవలేదు. ఆ చేతినీ, పళ్ళెంలోని చేతులనీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత నా కొంగు లాగి మెల్లగా అడిగింది.

"అమ్మా, వీళ్ళని కూడా వెనక్కి పంపించేస్తారా?"

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ తడినేల మీదే దాని ముందు కూర్చున్నాను. వాళ్ళ నాన్న బీసెంట్ రోడ్డు ఫోర్కు ముందు పెట్టుకుని ఆడిన వేళాకోళాన్ని నా బంగారు తల్లి సముద్రాలు దాటించి తెచ్చుకుంది. తను చేత్తో తింటే అమ్మానాన్నల ఉద్యోగాలు పోతాయని, అందరం మళ్ళీ విడివిడిగా ఉండాలని, ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకుంది.

"ఎవరూ ఎవరినీ పంపరమ్మా. ఇది వాళ్ళ ఊరే. వాళ్ళూ మనలాగే తింటారు" అన్నాను.

"నాన్న మాట?"

"మీ నాన్న మాట గంగలో కలిసింది. తిను."

తింది. ఎమామా చేతిలోంచి ఒక ముద్ద, ఇంకో ముద్ద, ఇంకోటి. ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం తెరుచుకునే ఉంది. ఇలా ఎదుటివాళ్ళ నోట్లో ముద్ద పెట్టడాన్ని గుర్షా అంటారని సెహాయ్ చెప్పింది. ప్రేమ ఉన్నవాళ్ళకే పెడతారట. ఒకటి పెట్టి ఆపకూడదట. అక్క మాట వేరే దేశంలో వినబడ్డట్టయింది.

సెహాయ్ ఇంకోటి కూడా చెప్పింది. "చిన్నప్పుడు మాకు ఇండియా మాస్టారొకరు పాఠాలు చెప్పేవారు. ఆయన ఎప్పుడూ స్పూనుతోనే తినేవారు. మీ దేశంలో చేత్తో తినడం తప్పని అనుకున్నాం. మేం తినేది చూస్తే మీకు అసహ్యం వేస్తుందని తెర కట్టించాను." ఆ మాస్టారు కూడా మావారి బాపతేనన్నమాట. వాళ్ళని చూసి మేం, మమ్మల్ని చూసి వాళ్ళు సిగ్గుపడి, మధ్యలో పిల్లని మాడ్చాం.

ఇంతలో ఎమామా నావైపు తిరిగింది. చేతిలో ముద్ద. అప్పుడే నా కూతురి పెదవులకి తగిలిన వేళ్ళు, అందరూ కలిసి తింటున్న పళ్ళెం. నాకు అక్క గుర్తొచ్చింది, పక్కన పెట్టేసిన పప్పుగిన్నెలు గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. పులుపు, కారం, పప్పు. నాకు ఊహ తెలిశాక నా నోట్లో ఎవరూ ముద్ద పెట్టలేదు.

నేను మేడ మీదికి పరిగెత్తి ఆవకాయ జాడీ తెచ్చాను. ఎమామా వేలితో తీసి నాకి, ఏదో పెద్దగా అంది. "ఇన్నాళ్ళూ దీన్ని ఎందుకు దాచావని అడుగుతోంది" అంది సెహాయ్ నవ్వుతూ. మావారు టైతో సహా వచ్చేసరికి అందరం ఇంజెరాలో ఆవకాయ నంజుకుంటున్నాం. సంగతి చెప్పాను. ఆయన పిల్ల పక్కన గొంతుక్కూర్చుని, టై భుజం మీదికి వేసుకుని నోరు తెరిచారు. పిల్లే పెట్టింది.

మూడో కప్పు దాకా

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను.

"తింటోందా?" అంది.

"తింటోందక్కా. చేత్తో."

"అయితే పంపవన్నమాట."

"పంపనక్కా."

"మంచిదే కదా" అని ఫోన్ పెట్టేసింది. కొత్త దోమతెర గురించి ఇద్దరం మాట్లాడలేదు.

మా మూల బల్ల, తెర రెండూ ఎత్తేశారు. ఆ తర్వాతి రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె లాగుతుంది. సాయంత్రాలు ఎమామా నేల మీద పచ్చగడ్డి పరిచి, పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయించి, ఆ పొగని మా ముఖాల మీదికి చేత్తో విసిరేది. పేలాలు తింటూ, మన దగ్గర బండి మీద టీకయ్యే డబ్బు కూడా ఖర్చు లేకుండా, అంత మంచి కాఫీ తాగేవాళ్ళం. మూడు కప్పులు తాగందే లేవకూడదు. మొదటి కప్పుకే లేచిన మావారిని కొంగు పట్టి లాగినట్టు ప్యాంటు పట్టి కూలేసింది. వానలు ఆగాక ఊరి చుట్టూ పసుపు పూలు విరగబూశాయి. అదే వాళ్ళ కొత్త సంవత్సరం. సహస్ర హోటల్ వీధి ఆడపిల్లలతో కలిసి ఆ పూలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడొచ్చింది. ఏం పాడిందో దానికే తెలియదు.

క్వార్టర్సు తాళం చేతికి వచ్చిన రోజు ముగ్గురిలో ఎవరికీ సంతోషం లేదు. బీసెంట్ రోడ్డు పెట్టెని సెహాయ్‌కి ఇచ్చేశాం, పాపం ఫోర్కు లేకుండా తినలేని వాళ్ళెవరైనా వస్తే పనికొస్తుందని.

కంకిపాడు

తిరిగొచ్చిన మూడో రోజు అక్క ఇంటికి వెళ్ళాం. పప్పు, దోసకాయ పచ్చడి, కొత్త ఆవకాయ. అక్క పక్కనే సహస్ర కూర్చుంది. పెద్దదయింది, తనే కలుపుకుంటోంది. అక్క దాని చేతి వంకే చూస్తోంది. రెండేళ్ళుగా ఆ చెయ్యి తన అవసరం లేకుండా తింటోందన్న సంగతి ఆవిడ ముఖంలో కనబడుతూనే ఉంది. గదిలో దోమతెర ఇంకా కట్టే ఉంది.

సహస్ర పప్పన్నంలో ఆవకాయ కలిపింది. తను రెండు ముద్దలు తింది. మూడో ముద్ద చుట్టి, అదే కంచంలోంచి, అదే చేత్తో అక్క నోటి దగ్గర పెట్టింది. "పెద్దమ్మా, ఆ..." అంది.

అక్క మెడ వెనక్కి వాలింది. "ఛీ, ఎంగిలే..." అనబోయి ఆగింది. సహస్ర చెయ్యి తీయలేదు. ఎమామా దగ్గర నేర్చుకున్న చెయ్యి అది, చాపాక వెనక్కి రాదు. మావారు తినడం ఆపి చూస్తున్నారు. ముద్దలోంచి ఆవకాయ నూనె దాని మణికట్టు మీదికి కారుతోంది.

అక్క నోరు తెరిచింది.

చాలాసేపు నమిలింది. మింగింది. కొంగుతో మూతి తుడుచుకుని, సహస్ర వంక చూసి, ఎప్పుడూ మమ్మల్ని కసిరే గొంతుతోనే కసిరింది.

"ఒక్క ముద్ద పెట్టి ఊరుకుంటావేమే? మారు పెట్టవూ?"